కారు తీగలు కొరికిన ఎలుక: నష్టం ఎవరి ఖాతాలోకి?

వరికోతలు ముగిసి గడ్డివాములు పెరళ్లకు చేరే రోజుల్లో సరిహద్దు గ్రామాల మెకానిక్ షెడ్లకు ఒక తరహా ఫిర్యాదుతో కార్లు రావడం పరిపాటి. రాత్రి సవ్యంగా నిలిపిన కారు తెల్లవారేసరికి స్టార్ట్ కాదు. స్టార్టయినా డాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ దీపం ఆరదు. బానెట్ ఎత్తి చూస్తే తీగల తొక్కలు, ఎండు గడ్డిపరకలు, నాలుగు పెంటికలు కనబడతాయి. గణపతి వాహనం మన వాహనాన్ని కొరికిందని నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. సర్వీస్ సెంటర్ ఎస్టిమేట్ చేతికందాక మాత్రం నవ్వు నిలవదు.

ఈ నష్టాన్ని చిల్లర బెడదగా కొట్టిపారేయడానికి వీల్లేదు. గ్రామీణ కుటుంబానికి కారు నేడు విలాసం కాదు. అర్ధరాత్రి ఆసుపత్రికి పోవాలన్నా, పక్క రాష్ట్రంలోని మార్కెట్‌కు సరుకు చేర్చాలన్నా అదే ఆధారం. అటువంటి వాహనం ఒక మూషికం కారణంగా వారం రోజులు షెడ్డులో పడివుంటే బాధ్యత ఎవరిది? కంపెనీ ఇచ్చిన వారంటీ కాగితం ఒకటుంది. బీమా పాలసీ మరొకటుంది. గ్రామంలో ఎలుకల నిర్మూలనకు వ్యవసాయ శాఖ ఉంది. ఈ మూడింటి మధ్య ఉన్న సందులోనే కారు యజమాని పడిపోతున్నాడు. ఆ సందు ఎక్కడుందో, దానిని ఎలా పూడ్చుకోవాలో పరిశీలించడం ఈ వ్యాస ప్రయోజనం.

తీగ మీద ఎలుకకు పగ ఎందుకు?

ఎలుక ముందుపళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. వాటిని అరగదీసుకోకపోతే దానికి తిండి తినడమే కష్టమవుతుంది. అందుచేత కొరకడం దాని ఆకలికి సంబంధించిన పని కాదు, బతుకుకు సంబంధించిన పని. చెక్క, సబ్బు, ప్లాస్టిక్ గొట్టం, తీగ తొక్క, దానికి అన్నీ ఒకటే. ఇంజిన్ గది చీకటిగా ఉంటుంది. చలిరాత్రుల్లో చాలాసేపు వెచ్చగా ఉంటుంది. గుడ్లగూబ అక్కడికి చొరబడలేదు. గూడు కట్టుకోవడానికి బానెట్ కింది దూది వంటి పొర సిద్ధంగా ఉంటుంది. చిట్టెలుక దూరడానికి 6 మిల్లీమీటర్ల సందు చాలు. కారు అడుగుభాగంలో అంతకంటె పెద్ద దారులు ఎన్నో ఉన్నాయి.

ఋతువుకూ దీనికీ సంబంధం ఉంది. పైరు పొట్ట దశలో ఉన్నప్పుడు ఎలుకలకు పొలంలోనే విందు. కోత పూర్తయ్యాక ఆ విందు ముగిసి, అవి గట్ల నుంచి గడ్డివాములకు, గాదెలకు, ఇళ్లకు మళ్లుతాయి. భారీ వర్షాలకు కన్నాల్లో నీరు నిండినప్పుడు కూడా ఇదే వలస. సిరుగుప్ప, సింధనూరు ప్రాంతాల కాలువ కింది వరి కావచ్చు, పావగడ వేరుశనగ కావచ్చు, పర్లాకిమిడి పరిసరాల వరి కావచ్చు. పంట ఏదైనా కోత తరువాతి నెలలే కారుకు గండం.

పూర్వపు అంబాసిడర్ కారులో తీగలు తక్కువ. ఒకటి తెగితే ఊరి ఎలక్ట్రీషియన్ ముడివేసి టేపు చుట్టేవాడు. నేటి కారులో ఇంజిన్‌ను నడిపేది కంప్యూటర్. పదుల కొద్దీ సెన్సర్లు దానికి సమాచారం పంపుతాయి. చక్రాల వద్ద ఉండే సెన్సర్ తీగ తెగితే బ్రేకుల రక్షణ వ్యవస్థ పనిచేయదు. తీగల కట్టలో ఒక భాగం పాడైతే కట్ట మొత్తం మార్చాలని సర్వీస్ సెంటర్ అంటుంది. కొరికిన పరిమాణం వేలెడంతే అయినా బిల్లు పెద్దదయ్యేది ఇందువల్లనే. అంతకుమించిన ప్రమాదం మరొకటి ఉంది. తొక్క ఊడిన రెండు తీగలు తగిలితే షార్ట్ సర్క్యూట్, దాని వెంట మంటలు రావచ్చు. రబ్బరు ఇంధన గొట్టాన్ని కూడా ఎలుక కొరుకుతుంది. బానెట్ దగ్గర పెట్రోలు వాసన వస్తే తాళం తిప్పకూడదు.

తీగ తొక్కల్లో సోయా పదార్థం వాడుతున్నందువల్లే ఎలుకలు ఎగబడుతున్నాయని ఒక వాదం ప్రచారంలో ఉంది. ఈ వాదంతోనే అమెరికాలోని కాలిఫోర్నియాలో 2016లో టొయోటా కార్ల యజమానులు కొందరు కోర్టుకు వెళ్లారు. సోయాయే అసలు కారణమని ఇంతవరకు తిరుగులేకుండా రుజువు కాలేదు. సోయా రాకముందు కూడా ఎలుకలు తీగలు కొరికేవి. అయితే సమస్య ఉన్నదని తయారీదారులకు తెలియకపోలేదు. కారంపొడిలోని ఘాటు పదార్థం కలిపిన టేపును హోండా కంపెనీ అమెరికాలో ఈ అవసరానికే అమ్ముతోంది. సమస్య తెలిసి విడిగా టేపు అమ్మగలిగినప్పుడు, ఎలుకల బెడద ఉన్న దేశాల్లో అమ్మే కార్ల తీగలకు ఆ రక్షణను ముందే ఎందుకు ఇవ్వరాదు? ఈ ప్రశ్న న్యాయమైనదే. వారంటీ కాగితాలు మాత్రం బయటి కారణాల వల్ల కలిగే నష్టాన్ని సాధారణంగా మినహాయిస్తాయి. కనుక వారంటీ తలుపు చాలామందికి మూసుకున్నట్టే.

పాలసీలో ఎలుక పేరు లేదు

మిగిలింది బీమా. మొదట ఒక భ్రమ తొలగించుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం తప్పనిసరి చేసింది థర్డ్ పార్టీ బీమాను మాత్రమే. అది మన కారు వల్ల ఇతరులకు కలిగే నష్టానికి వర్తిస్తుంది. మన కారుకు జరిగే నష్టానికి పైసా రాదు. గ్రామాల్లో ‘ఫుల్ ఇన్సూరెన్స్’ అని వ్యవహరించే సమగ్ర పాలసీ గానీ, విడిగా సొంత నష్టం పాలసీ గానీ ఉంటేనే తరువాతి మాట.

ప్రామాణిక కారు పాలసీల్లో నేటికీ చాలావరకు 2002 నాటి అఖిల భారత మోటార్ టారిఫ్ పదజాలమే కనిపిస్తుంది. 2007 నుంచి సొంత నష్టం ప్రీమియం ధరలను కంపెనీలకే వదిలేశారు గానీ మాటలు పెద్దగా మారలేదు. అగ్నిప్రమాదం, పిడుగు, దొంగతనం, అల్లర్లు, భూకంపం, వరద, తుపాను, కొండచరియలు అంటూ జాబితా సాగుతుంది. అందులో ఎలుక లేదు. ఉన్నదల్లా ‘ప్రమాదవశాత్తు బాహ్య కారణం’ అనే అర్థమిచ్చే మాట. దాని పక్కనే మినహాయింపుల జాబితా ఉంటుంది. అరుగుదల, యాంత్రిక లేదా విద్యుత్ వైఫల్యం, ఒక నష్టం వల్ల తరువాత కలిగే పర్యవసాన నష్టం ఇందులోకి వస్తాయి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. తెగిన తీగ ఒకటే. దానిని ‘జంతువు కొరికినది’ అని రాస్తే బాహ్య కారణమవుతుంది, పరిహారానికి దారి ఉంటుంది. ‘వైరింగ్ పాడైంది’ అని రాస్తే విద్యుత్ వైఫల్యమవుతుంది, దారి మూసుకుంటుంది. ఎలుక కాటును ఆచరణలో అనేక బీమా సంస్థలు ప్రమాదంగా అంగీకరిస్తున్నాయి. అంతమాత్రాన ప్రతి పాలసీకీ అది వర్తిస్తుందని ముందే అనుకోరాదు. తీగ తెగినట్టు తెలిసి కూడా కారు నడిపి ఇంజిన్ పాడుచేసుకుంటే, ఆ రెండో నష్టం పర్యవసాన నష్టమని తోసిపుచ్చే అవకాశం ఎక్కువ.

ఈ అస్పష్టత అనివార్యమేమీ కాదు. జర్మనీలో మార్టెన్ అనే చిన్న మాంసాహార జంతువు కార్ల బానెట్‌లో దూరి గొట్టాలు, తీగలు కొరుకుతుంది. అక్కడి బీమా సంస్థలకు ఏటా దాదాపు రెండు లక్షల క్లెయిమ్‌లు దీని మీదే వస్తున్నాయి. అందుకని అక్కడి పాక్షిక బీమా పాలసీల్లో ‘మార్టెన్ కాటు’ అని పేరుపెట్టి రాస్తారు. తరువాతి నష్టానికి ఎంతవరకు చెల్లిస్తారో కూడా పాలసీని బట్టి తేటతెల్లం చేస్తారు. జంతువు పేరు కాగితం మీదికి ఎక్కితే వివాదం సగం తగ్గుతుంది. మన దేశంలో ఎలుకకు ఆ గౌరవం ఇంకా దక్కలేదు.

క్లెయిమ్ చేయాలా, వద్దా?

పాలసీ వర్తించినా ప్రతి నష్టానికీ క్లెయిమ్ చేయడం లాభసాటి కాదు. మూడు కోతలు గుర్తుంచుకోవాలి. మొదటిది తప్పనిసరి మినహాయింపు. 1500 సీసీ వరకు ఇంజిన్ ఉన్న కారుకు రూ. 1,000, అంతకు మించితే రూ. 2,000. రెండవది తరుగుదల. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం, ఇతర భాగాలకు కారు వయసును బట్టి కోత. కూలీ ఖర్చుకు తరుగుదల లేదు. మూడవది ‘నో క్లెయిమ్ బోనస్’ పోవడం. క్లెయిమ్ లేని ఏళ్లకు సొంత నష్టం ప్రీమియంలో వరుసగా 20, 25, 35, 45, 50 శాతం తగ్గింపు లభిస్తుంది. ఒక్క క్లెయిమ్‌తో అది సున్నాకు దిగుతుంది.

ఉదాహరణకు రెండు లెక్కలు చూద్దాం. అంకెలు కేవలం ఊహకు. తీగల కట్టను 50 శాతం తరుగుదల కింద లెక్కించారనుకుందాం. విడిభాగాలు రూ. 24,000, కూలీ రూ. 6,000 అయితే, విడిభాగాలలో సగం రూ. 12,000, కూలీ రూ. 6,000 కలిపి, రూ. 1,000 తీసివేయగా రూ. 17,000 వస్తుంది. ‘బంపర్ టు బంపర్’ అని పిలిచే సున్నా తరుగుదల సౌకర్యం ఉంటే అదే బిల్లుకు రూ. 29,000 వస్తుంది. ఇక్కడ క్లెయిమ్ చేయడమే సబబు.

ఇక రెండవది. విడిభాగాలు రూ. 3,000, కూలీ రూ. 1,500 అనుకుందాం. కోతలు పోగా చేతికి వచ్చేది రూ. 2,000. సొంత నష్టం ప్రీమియం రూ. 8,000 ఉండి, వచ్చే ఏడు 45 శాతం బోనస్ రావలసి ఉంటే పోయేది రూ. 3,600. రెండు వేల కోసం మూడు వేల ఆరు వందలు పోగొట్టుకోవడం కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే. కనుక ఎస్టిమేట్ చేతికి వచ్చాక ఈ లెక్క కాగితం మీద వేసుకొని, ఆ తరువాతే క్లెయిమ్ చేయాలో వద్దో తేల్చుకోవాలి.

మొదటి గంటే సాక్ష్యం

క్లెయిమ్ చేయదగిన నష్టమే అనిపిస్తే మొదటి గంటలో చేసే పని ఫలితాన్ని చాలావరకు నిర్ణయిస్తుంది. మన వాళ్లలో చాలామంది ముందు శుభ్రం చేసి, ఊరి మెకానిక్ చేత టేపు చుట్టించి, అది నిలవకపోతే అప్పుడు బీమా మాట తలుస్తారు. అప్పటికి సాక్ష్యం చెరిగిపోతుంది.

బ్యాటరీ తీగ ఎలా తప్పించాలో తెలిసినవారైతే తప్పించాలి. తెలియకపోతే తాళం తిప్పకుండా వదిలేయాలి. విద్యుత్ కార్లలో, హైబ్రిడ్ కార్లలో నారింజ రంగు తీగలను ఎట్టి పరిస్థితిలోనూ తాకరాదు. అవి ప్రాణాంతకమైన విద్యుత్తును మోసే తీగలు. ఆపైన పంటి గాట్లు, తొక్కల ముక్కలు, పెంటికలు, గూడు, కారు నెంబరు, కిలోమీటర్ల అంకె అన్నీ తేదీతో కనబడేటట్టు సెల్‌ఫోనులో ఫొటోలు తీసుకోవాలి. వెంటనే బీమా సంస్థకు ఫోను చేసి క్లెయిమ్ నెంబరు రాసుకోవాలి. సర్వేయర్ చూడకముందు మరమ్మతు చేయించరాదు. కారును నడిపి తీసుకుపోకుండా టోయింగ్ బండి మీద పంపాలి. పాలసీలో రోడ్డు సహాయం ఉంటే ఆ ఖర్చు తప్పవచ్చు.

సర్వీస్ సెంటర్లో జాబ్ కార్డు రాసేటప్పుడు మాట జాగ్రత్త. ఎలుకను కన్నడంలో ఇలి అంటారు, తమిళంలో ఎలి, ఒడియాలో మూషా, మరాఠీలో ఉందీర్. నోటితో ఏ భాషలో చెప్పినా ఫరవాలేదు. కాగితం మీద మాత్రం ‘ర్యాట్ బైట్’ అన్న రెండు మాటలు ఇంగ్లీషులో పడ్డాయో లేదో చూసుకున్నాకే సంతకం పెట్టాలి. ‘స్టార్టింగ్ ప్రాబ్లమ్’, ‘ఎలక్ట్రికల్ ప్రాబ్లమ్’ అని మాత్రమే రాసిన కార్డు రేపు తిరస్కరణకు ఆధారమవుతుంది. తీసివేసిన పాత తీగల కట్టను సర్వేయర్ చూసేదాకా పారేయనీయరాదు.

బీమా నియంత్రణ సంస్థ 2024 జూన్‌లో వెలువరించిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం, పత్రాలు లేవన్న ఒక్క కారణంతో క్లెయిమ్‌ను తిరస్కరించరాదు. సర్వేయర్‌ను 24 గంటల్లో నియమించాలి, నివేదిక 15 రోజుల్లో రావాలి, నివేదిక అందిన 7 రోజుల్లో సంస్థ నిర్ణయం చెప్పాలి. ఈ గడువులు తెలిసిన పాలసీదారుతో మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది.

పొలిమేర ఆవల కొన్న కారు

సరిహద్దు కుటుంబాలకు అదనపు సందేహం ఒకటుంది. పావగడ వాసి హిందూపురంలో కారు కొంటాడు. పర్లాకిమిడి వాసి శ్రీకాకుళంలో, సిరొంచ వాసి మంచిర్యాలలో, యానాం వాసి కాకినాడలో కొంటారు. పాలసీ ఇచ్చిన శాఖ మరో రాష్ట్రంలో ఉంటుంది, మరమ్మతు ఇంకొక చోట జరుగుతుంది. తగవు వస్తే ఏ ఊరికి పోవాలి? ‘మీరు కొన్న చోటికే పోయి అడగండి’ అన్న జవాబు విని ఎందరో వెనుదిరుగుతున్నారు. ఆ జవాబు చట్టసమ్మతం కాదు.

పాలసీ భౌగోళిక పరిధి యావత్ భారతదేశం. ఎలుక ఏ రాష్ట్రంలో కొరికినా వర్తింపులో తేడా ఉండదు. సంస్థ క్లెయిమ్ తిరస్కరిస్తే ముందుగా ఆ సంస్థ ఫిర్యాదుల విభాగానికే లిఖితపూర్వకంగా రాయాలి. బీమా నియంత్రణ సంస్థవారి ‘బీమా భరోసా’ విభాగానికి 155255 నెంబరు ద్వారా కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. తిరస్కరణ అందిన ఏడాది లోపల రాయాలి. అదే తగవు కోర్టులో గానీ వినియోగదారుల కమిషన్‌లో గానీ నడుస్తూ ఉండరాదు. అంబుడ్స్‌మన్ ఇచ్చే తీర్పునకు బీమా సంస్థ కట్టుబడాలి.

పాలసీదారు నివాసాన్ని బట్టి అంబుడ్స్‌మన్ కేంద్రం మారుతుంది. కర్ణాటక వాసులకు బెంగళూరు, తమిళనాడు వాసులకు చెన్నై, ఒడిశా వాసులకు భువనేశ్వర్, సిరొంచ వంటి మహారాష్ట్ర ప్రాంతాలకు పుణె. యానాం విషయం విశేషం. పుదుచ్చేరి పట్టణం చెన్నై కేంద్రం కిందికి వస్తే, యానాం మాత్రం ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతోపాటు హైదరాబాద్ కేంద్రం పరిధిలో ఉంది. భాష రీత్యా ఇది యానాం వారికి ఊరట.

మరో మార్గం వినియోగదారుల కమిషన్. 1986 నాటి పాత చట్టంలో ప్రతివాది ఉన్న చోటికి గానీ, వివాదం తలెత్తిన చోటికి గానీ పోవలసి వచ్చేది. 2019 చట్టం 34వ సెక్షన్ ఈ ఇబ్బందిని తొలగించింది. ఫిర్యాదుదారు నివసించే లేదా పనిచేసే జిల్లాలోనే దాఖలు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు అయితే రుసుము లేదు. గడువు రెండేళ్లు. కారు ఏ రాష్ట్రంలో కొన్నా సరే, రాయచూరు జిల్లా వాసి రాయచూరులోనే, కృష్ణగిరి జిల్లా వాసి కృష్ణగిరిలోనే అడగవచ్చు. సరిహద్దు కుటుంబాలకు ఈ చట్టం ఇచ్చిన మేలు ఇంతా అంతా కాదు. దారి తెలియక సలహా కావలసినవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు.

పొలంలో మొదలైన రోగానికి షెడ్డులో మందా?

బీమా నష్టాన్ని పూడ్చుతుందే తప్ప ఎలుకను ఆపదు. ఒక్క ఇంటివారు బోను పెట్టినంత మాత్రాన ప్రయోజనం స్వల్పం. ఒక చోట ఎలుకలు చస్తే ఆ ఖాళీ కన్నాల్లోకి పక్క పొలాల నుంచి కొత్తవి చేరుతాయి. అందుకే వ్యవసాయ శాస్త్రవేత్తలు సామూహిక నిర్మూలన అంటారు. పైరు తొలి దశలో, ఎలుకల సంఖ్య తక్కువగా ఉన్నప్పుడే, ఊరంతా ఒకే రోజు మందు పెట్టాలి. సాయంత్రం కన్నాలన్నింటినీ మట్టితో మూసి, మరునాడు తెరుచుకున్న వాటిలోనే ఎర పెట్టాలి. 96 పాళ్ల నూకలు, 2 పాళ్ల నూనె, 2 పాళ్ల 0.25 శాతం బ్రోమాడియోలోన్ మందు కలిపి పొట్లాలు కట్టి కన్నాల్లో ఉంచే పద్ధతి మన వరి ప్రాంతాల రైతులకు కొత్త కాదు. గుడ్లగూబలు వాలడానికి పొలంలో కర్రలు పాతడం ఖర్చులేని సహాయం. ఆంధ్రదేశంలో యానాదులు, తమిళనాట ఇరులర్లు ఎలుకలు పట్టడంలో తరతరాల నేర్పరులు. వారికి కూలీ గిట్టుబాటు చేస్తే విషం అవసరమే తగ్గుతుంది.

సరిహద్దులో ఈ సూత్రం ఎక్కడ తప్పుతోందో గమనించాలి. గట్టుకు ఇటు ఒక రాష్ట్రం, అటు మరొక రాష్ట్రం. మందు పంపిణీ, ప్రచారం ఏ రాష్ట్ర శాఖ దానిదే. ఈ ఊరివారు ఒక వారం, ఆ ఊరివారు మరో నెలలో మందు పెడితే ఎలుకలు గట్టు దాటి కాపురం మార్చుకుంటాయి. అవి రాష్ట్ర పునర్వ్యవస్థీకరణను గుర్తించలేదు. రెండు వైపుల తాలూకా, మండల వ్యవసాయాధికారులు కూర్చొని ఒకే తేదీ నిర్ణయించడానికి కొత్త చట్టం అక్కరలేదు, కొత్త నిధులూ అక్కరలేదు. గ్రామ పంచాయతీ తీర్మానం, ఒక వినతిపత్రం చాలు. ఆ వినతిపత్రాన్ని తెలుగులోనే రాయవచ్చు. రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి తన కష్టాన్ని విన్నవించుకునే హక్కును రాజ్యాంగం 350వ అధికరణం ప్రతి వ్యక్తికీ ఇచ్చింది.

ఇంటి పట్టున

కారు మీద చేయవలసిన జాగ్రత్తలు కొన్నే. గడ్డివాము, ధాన్యం బస్తాలు, దాణా, చెత్తకుండీ పక్కన కారు నిలపరాదు. రోజూ వాడకపోయినా ఒకటి రెండు రోజులకోసారి కొంతదూరం నడపాలి. షెడ్డు ఉన్నవారు రాత్రి బానెట్ ఎత్తి ఉంచితే చీకటి, వెచ్చదనం రెండూ పోతాయి. షెడ్డు సందులకు 6 మిల్లీమీటర్ల లోపు కన్నుల ఇనుప జాలి కొట్టించాలి. బోనులను కారు కింద, గోడవార పెట్టాలి. ఒకసారి ఎలుక చేరిన బానెట్‌లో మూత్రపు వాసన ఉన్నంతకాలం మరొకటి వస్తుంది గనుక మరమ్మతు తరువాత శుభ్రం చేయించడం తప్పనిసరి. ఆ పని చేసేవారు చేతికి గ్లౌజులు, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. ఎలుక మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం సోకే ప్రమాదం ఉంది.

పొగాకు కాడలు, కలరా ఉండలు, చెవికి వినబడని శబ్దం చేసే యంత్రాలు కొద్ది రోజులు పనిచేసినట్టనిపించవచ్చు. ఎలుకలు వాటికి త్వరలోనే అలవాటుపడతాయి. కలరా ఉండల ఆవిరి ఏసీ గాలి దారిలో కారు లోపలికి చేరితే పిల్లలకు హాని. ఇంజిన్ గదిలో విషపు ఎర పెట్టడం మరీ పొరపాటు. ఎలుక లోపలే చచ్చి కుళ్లుతుంది, దానిని తిన్న పిల్లి చస్తుంది. ఇంట్లో పసుపు భాస్వరం పేస్టు గానీ, జింక్ ఫాస్ఫైడ్ గానీ ఉంచుకోవడం అంతకంటె ఘోరం. ఈ రెండింటికీ విరుగుడు మందు లేదు. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్న సామెత ఈ సందర్భానికి అక్షరాలా సరిపోతుంది.

అడగవలసినవి

సారాంశం మూడు కోరికలు. బీమా సంస్థలు ఎలుక కాటును పాలసీలో పేరుపెట్టి చేర్చాలి, ఎంతవరకు చెల్లిస్తారో రాయాలి. వాహన తయారీదారులు తీగలకు ఘాటు టేపు రక్షణను, ఇంజిన్ అడుగున జాలిని కొనేటప్పుడే అందుబాటులో ఉంచాలి. సరిహద్దు మండలాల వ్యవసాయాధికారులు ఎలుకల నిర్మూలనకు ఉమ్మడి తేదీ ప్రకటించాలి. ఇవి నెరవేరేందుకు కాలం పట్టవచ్చు. ఈలోగా ప్రతి కుటుంబం చేయగలిగినది ఒకటుంది. వచ్చే రెన్యువల్ రోజున డబ్బు చెల్లించేముందు ఏజెంటును ఒక్క ప్రశ్న అడగాలి: ‘ఎలుక కొరికితే ఈ పాలసీ వర్తిస్తుందా?’ జవాబును నోటిమాటగా కాక, ఆ సంస్థ ఈమెయిల్‌గానో, సంతకం చేసిన కాగితంగానో తీసుకోవాలి. ఆ కాగితాన్ని మాత్రం ఇనుప బీరువాలో దాచాలి. లేకపోతే దానినీ ఎలుకే కొరుకుతుంది.